ఈ-20 మీద నింద వేసేముందు ప్లగ్గు విప్పి చూడండి

ఒడిశాలోని మా గంజాం తీరంలో ఈ మధ్య ఏ పాత ఇంజిన్ మొరాయించినా ఒకటే తీర్పు వినబడుతోంది. "ఈ-20 వచ్చాక పాతవి పనికిరావు, ఇచ్చేసి కొత్తది కొనుక్కో." ఈ-20 అంటే ఇథనాల్ అనే ఆల్కహాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. బరంపురంలో విడిభాగాల కొట్టుకెళ్తే ఇదే మాట. ఆర్యపల్లి ఒడ్డున వలలు సరిచేసుకునేచోటా ఇదే. వాట్సాప్‌లో తిరిగే వీడియోలైతే చెప్పక్కర్లేదు. అవి కార్ల గురించీ మోటారు సైకిళ్ల గురించీ తీసినవి. వాటిని చూసి పడవ వెనక బిగించే ఔట్‌బోర్డు ఇంజిన్లకు కూడా తీర్పు చెప్పేస్తున్నారు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. నా భయం కూడా అందుకే. పూర్తి అబద్ధమైతే నాలుగు రోజుల్లో బయటపడేది. కొంత నిజం ఉన్న కారణం దొరికితే మాత్రం ఇక ఎవరూ వెతకరు. సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పరు, పెట్రోలు గొట్టం తడిమి చూడరు, ట్యాంకులో ఏముందో సీసాలోకి వంచి చూడరు. అలా చూడకుండానే మంచి ఇంజిన్లు తూకానికి వెళ్లిపోతున్నాయి. లేత్ పని చేసుకుంటూ, సెలవు దొరికితే పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డులు బాగుచేసే నాకు ఇది చాలా బాధ కలిగిస్తోంది.

నాకు చిన్నాన్న వరసయ్యే ఒకాయన ఇంజిన్ సంగతే చెబుతాను. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్, 1980ల చివరిది. మూత మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. తుక్కు కొనేవాడితో బేరం కుదిరిందని తెలిసి వెళ్లాను.

"ఏటయ్యింది చిన్నాన్నా?"

"కొత్త పెట్రోలు దీనికి పడ్డం నేదురా. మెకానిక్కు సెప్పీసేడు."

"ప్లగ్గు విప్పి చూశాడా?"

"నేదు. తాడు లాగి లాగి సేతులు పడిపోనాయి. ఇంకేటి సూడాల?"

ప్లగ్గులు రెండూ విప్పాం. పొడిగా ఉన్నాయి. అంత సేపు తాడు లాగాక, గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ లాగించే చోక్ వేశాక కూడా పొడిగా ఉన్నాయంటే పెట్రోలు లోపలికి చేరలేదన్నమాట. చేరని పెట్రోలులో ఇథనాల్ ఎంతుంటే ఏం? ట్యాంకు గొట్టం మధ్యలో, నొక్కి పెట్రోలు ఎక్కించడానికి ఉండే రబ్బరు బల్బు ఎంత నొక్కినా గట్టిపడలేదు. గొట్టాన్ని ఇంజిన్‌కి తగిలించే కనెక్టరు లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది పగిలిపోయి ఉంది. పెట్రోలుకి బదులు గాలి లాగుతోంది. రింగు మార్చాక ఇంజిన్ అందుకుంది.

దీన్ని నా గెలుపుగా చెప్పడం లేదు. నాకే ఒక అనుమానం మిగిలింది. ఆ రింగును పగలగొట్టింది ఇథనాల్ కాదని ఎలా చెప్పగలను? ఆ కాలపు రబ్బరు ఇథనాల్ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే గట్టిపడి పగుళ్లిస్తుంది. ముప్పై ఏళ్లు పైబడిన రబ్బరు ఎండకే పగలొచ్చు కూడా. ఏది కారణమో ఆ ముక్కను చూసి తేల్చలేం. ఒకవేళ ఇథనాలే అనుకున్నా, దానికి మందు కొత్త రింగు, కొత్త గొట్టం. ఇంజిన్ అమ్ముకోవడం కాదు.

ఇథనాల్ చేసే చెడు ఏమిటి, ఎంత?

10 శాతం కలపడం 2022 జూన్ నాటికి దేశమంతా వచ్చేసింది. ఈ-20 అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 కల్లా అదే మామూలు పెట్రోలయింది. మా బంకుల్లో వేరే ఎంపిక అడిగే వీలు లేదు. కాబట్టి అది ఏం చేస్తుందో సరిగ్గా తెలుసుకోవడం మన అవసరం.

అన్నిటికంటే ప్రమాదమైనది నీటి సంగతి. ఇథనాల్‌కి నీరంటే ఇష్టం. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు, అంటే 10 లీటర్లకి 50 మిల్లీలీటర్లు. అది మించితే ఇథనాల్, నీరు రెండూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. కారులో ఇది చికాకు. టూ-స్ట్రోక్‌లో ఇది ఇంజిన్ ప్రాణానికే ముప్పు. మనం కలిపిన 2టీ ఆయిల్ పెట్రోలుతోపాటు పై పొరలోనే ఉండిపోతుంది. గొట్టం లాగేది ట్యాంకు అడుగునుంచి. ఆయిల్ లేని నీళ్ల సరుకు సిలిండర్లోకి వెళ్తుంది. దాంతో స్టార్ట్ కాకపోతే ఆ మనిషి అదృష్టం. ఎలాగో అందుకుని కొంత దూరం నడిస్తే పిస్టన్ గీరుకుపోయి ఇంజిన్ పట్టేస్తుంది.

వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ విడిపోకుండా పట్టుకోగల నీరు కూడా పెరుగుతుంది. ఆ లెక్కన ఈ-10 కంటే ఈ-20 ఇంకా ఆలస్యంగా విడిపోవాలి. మరి మా దగ్గర ట్యాంకుల్లో నీళ్లెందుకు? ట్యాంకు మూత మీద లోపలికి గాలి ఆడటానికి ఒక మర ఉంటుంది, ఆ గాలి మరను ఒడ్డున కూడా తెరిచే ఉంచుతున్నాం. పగలు ఇసుక మీద ట్యాంకు కాగుతుంది, రాత్రి చల్లబడి సముద్రపు చెమ్మగాలిని లోపలికి పీలుస్తుంది. సగం ఖాళీగా ఉంటే మరీ. కెరటం దాటేటప్పుడు ఎగిరిపడే ఉప్పునీళ్లు, వానాకాలం చినుకులు అదనం. ఇవన్నీ ఇథనాల్ రాకముందూ ఉన్నవే.

రెండోది మిశ్రమం పలచబడటం. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. పెట్రోలునీ గాలినీ కలిపే పాత కార్బొరేటర్‌లో, పెట్రోలు వచ్చే సన్నటి జెట్టు రంధ్రం ఆనాటి పెట్రోలుకి కొలిచి పెట్టింది. దానిగుండా ఇప్పటి పెట్రోలు పంపితే అవసరానికి మించిన గాలి వెళ్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. పూర్తి వేగంలో నడిపి ఆపిన తర్వాత ప్లగ్గు కొస లేత గోధుమరంగులో ఉండాలి. సున్నంలా తెల్లగా ఉంటే జాగ్రత్త పడాలి. ఈ విషయంలో నేను ఈ-20ని వెనకేసుకురాను. చల్లటి ఇంజిన్ అందుకోవడానికి కాస్త ఎక్కువ చోక్ అడగడం కూడా ఇందులో భాగమే.

ఇంకా పాతవైతే, 1950ల నాటి వాటిలో, కార్బొరేటర్ లోపల పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలే ముక్కను, అంటే ఫ్లోటును, కార్కుతో చేసి లక్క పూత పూసేవారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన కార్కు పెట్రోలు పీల్చి మునుగుతుంది, ఫ్లోటు గిన్నె పొంగిపోతుంది. అలాంటి ఇంజిన్ ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్ల ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయం. కానీ మా తీరంలో తిరిగేవి చాలావరకు 80ల నాటివి, 90ల నాటివి. వాటిలో ఫ్లోటు ప్లాస్టిక్‌దే.

మీ పెట్రోలులో ఎంత ఇథనాల్ ఉందో చూడటం కష్టమేం కాదు. సన్నటి గాజు సీసాలో కొంచెం నీళ్లు పోసి, ఎంతవరకు వచ్చాయో గీత పెట్టండి. పైన ఆయిల్ కలపని పెట్రోలు పోసి, మూతపెట్టి బాగా ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పెట్రోలులోంచి ఇథనాల్ నీటిలోకి దిగి, కింది మట్టం గీతకు పైకి జరుగుతుంది. ఎంత జరిగితే ఇంచుమించు అంత ఇథనాల్. మంటలకు దూరంగా, ఆరుబయట చేయండి.

తడా, పొడా?

పాత ఇంజిన్ స్టార్ట్ కాకపోతే మావాళ్లు చేసే మొదటి పని ఇంకా గట్టిగా తాడు లాగడం. రెండోది కార్బొరేటర్ విప్పడం. రెండూ తప్పని నా గట్టి అభిప్రాయం. కార్బొరేటర్ చివరికి ముట్టుకోవాల్సిన వస్తువు. దాని లోపలి ఇత్తడి జెట్టుల్లో ఉక్కు తీగ దూర్చి తిప్పేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. వెంట్రుక వాసి రంధ్రం పెరిగినా మిశ్రమం మారిపోతుంది. ఆ తర్వాత ఎవరు పట్టుకున్నా ఇంజిన్ దారికి రాదు, ఆ పాపం కూడా పెట్రోలు నెత్తినే పడుతుంది.

ముందు ప్లగ్గు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట పుట్టడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఏ దారో తెలిస్తే పని సగమైనట్టే.

తడి దారిలో మొట్టమొదట చూడాల్సింది ఎరుపు రంగు స్టాప్ స్విచ్చి, దాని తాడు క్లిప్పు. అది సరిగ్గా కూర్చోకపోతే ప్లగ్గులో కరెంటు పుట్టదు. క్లిప్పు బాగానే ఉన్నా, ఉప్పుగాలికి తుప్పుపట్టిన స్విచ్చి లోపల వైర్లు కలిసిపోయి ఇంజిన్‌ని ఎప్పుడూ ఆపిన స్థితిలోనే ఉంచుతాయి. ఆ వైరును విడదీసి చూస్తే కరెంటు వచ్చేసిన ఇంజిన్లు నాకు చాలాసార్లు తగిలాయి. తర్వాత ప్లగ్గును వైరు చివరి టోపీకి తగిలించి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి ఆనించి, సిలిండర్ రంధ్రానికి దూరంగా ఉంచి తాడు లాగాలి. నీలంగా, టప్పుమనే నిప్పురవ్వ రావాలి. పసుప్పచ్చగా బలహీనంగా వస్తే సరిపోదు. ఆనించకుండా లాగితే, సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె నిప్పురవ్వ పుట్టించే ఇంజిన్లలో ఆ పెట్టె దెబ్బతినొచ్చు. అంతకంటే పాతవాటిలో ఫ్లైవీలు కింద కరెంటును కలిపి విడదీసే కాంటాక్టు పాయింట్లు ఉంటాయి. కొన్ని నెలలు కదలకుండా పడుంటే చాలు, వాటి ముఖాల మీద పొర కడుతుంది. చాలా పాత అమెరికా ఇంజిన్లలో ఆ పాయింట్ల మధ్య సందు 0.020 అంగుళాలు, అంటే సుమారు అర మిల్లీమీటరు. సన్నటి కాగితంతో తుడిచి సందు సరిచేస్తే చాలు, చచ్చిందనుకున్న ఇంజిన్ లేస్తుంది.

పొడి దారి మా చిన్నాన్న ఇంజిన్‌ది. బల్బు మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉందా? నొక్కితే గట్టిపడుతోందా? మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది. గట్టిపడి కూడా ప్లగ్గు పొడిగా ఉంటే కార్బొరేటర్‌లో పెట్రోలు రాకను అదుపుచేసే సూది ఇరుక్కుంది, లేదా జెట్టు పూడింది. కార్బొరేటర్ విప్పాల్సిన సమయం అది, అంతకుముందు కాదు.

ఇంజిన్ మీదుండే పెట్రోలు పంపు మాత్రం ఈ లెక్కలకి లొంగదు. పిస్టన్ కిందుండే గది, అంటే క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులకి డయాఫ్రం అనే ఒక పల్చటి పొర ఊగుతూ పెట్రోలు తోస్తుంది. దానికి సూదిమొనంత చిల్లి పడితే పెట్రోలు ఆ దారినే క్రాంక్‌కేసులోకి కారుతుంది. ఒక సిలిండర్ ప్లగ్గు ఎప్పుడూ తడిగా, రెండోది బాగానే ఉంటుంది. కరెంటు బాగుండి కూడా ఇలా ఉంటే నేను పంపునే అనుమానిస్తాను.

కాసేపు నడిచి ఆగిపోయేవి

ఇవి అసలు టెన్షన్ పెట్టేవి. స్టార్ట్ కాని ఇంజిన్ మిమ్మల్ని ఒడ్డునే ఉంచుతుంది. నడిచి ఆగేది కెరటాల వరస మధ్యలో ఆగుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది. గోపాలపూర్ వైపు అల విరిగేచోట ఇంజిన్ ఆగడమంటే ఏమిటో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పది నిమిషాలు బాగా నడిచి నీరసించి ఆగితే ముందు ట్యాంకు మూత మీది గాలి మర తెరిచారో లేదో చూడండి. ఒడ్డున బిగించి ఉంచమని పైన నేనే చెప్పినట్టయింది, కాబట్టి బయల్దేరేటప్పుడు తెరవడం అలవాటు కావాలి. మర మూసి ఉంటే ట్యాంకులో గాలి తగ్గి బల్బు చప్పిడిబుగ్గలా లోపలికి పోతుంది. మర తెరిచే ఉన్నా బల్బు అలా అణిగిపోతుంటే ట్యాంకులోని జల్లెడ పూడిందని అర్థం. కొత్త పెట్రోలు పాత ట్యాంకుల గోడల మీది మడ్డిని వదిలించి తెస్తుంది, అది ఇక్కడే చేరుతుంది. ఒకటి రెండుసార్లు ట్యాంకు బాగా కడిగితే ఆ బాధ తీరిపోతుంది.

బల్బు మామూలుగానే ఉండి ఇంజిన్ ఆగబోతుంటే, ఆ క్షణంలో బల్బుని చేత్తో వరసగా నొక్కండి. నొక్కగానే పుంజుకుంటే తప్పు పంపుదైనా అయుండాలి, పంపుకి ముందున్న గొట్టానిదైనా అయుండాలి. పుంజుకోకపోతే అటు చూడక్కర్లేదు. అలా నొక్కుతూ ఒడ్డుకి వచ్చేయడం కూడా కుదురుతుంది. ఒక్క పరికరం అక్కర్లేని ఈ పరీక్ష ప్రతి పడవలోనూ ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

చోక్ మీదే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతే చిన్న వేగం జెట్టు పూడింది. కిరోసిన్ మీద నడిచే ఇంజిన్లదైతే ఇంకో తీరు. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి, ఒడ్డుకు చేరబోయే ముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి కార్బొరేటర్‌లో మిగిలిన కిరోసిన్‌ని కాల్చేయాలి. చివరి పని మానేస్తే మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌కి అందేది కిరోసిన్. అది అందుకోదు. దీనికీ ఈ-20కీ ఏ సంబంధమూ లేదు, అయినా నిందమాత్రం దాని మీదే.

నిషేధం నెలలు

నా వాదనకి అసలు ఆధారం ఇక్కడుంది. ఇంజిన్లు ఎప్పుడు మొరాయిస్తున్నాయో గమనించండి. ఋషికుల్యా నదీముఖం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట ఆపుతారు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉంది. నా దగ్గరికి ఇంజిన్లు ఎక్కువగా వచ్చేది జూన్ నెలలో. అంటే కదలకుండా పడున్న తర్వాత.

పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగమే చల్లటి ఇంజిన్‌ని లేపుతుంది. నెలల తరబడి నిలవుంటే మొదట పోయేది అదే. కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది ఆరిపోయి, 2టీ ఆయిల్‌తో కలిసి జిగురులా జెట్టుకి పట్టుకుంటుంది. ఇథనాల్ లేని రోజుల్లోనూ ఇంతే జరిగేది. అప్పుడు పెద్దవాళ్లు "నిలవ పెట్రోలు" అని తిట్టుకుని పారబోసేవారు. ఇప్పుడు అదే జబ్బుకి ఇంకో పేరు పెట్టి ఇంజిన్‌నే పారేస్తున్నాం.

నిషేధానికి ముందు గొట్టం పీకేసి, గిన్నెలోది అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడపమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. ఆఖరి నిమిషంలో పలచటి మిశ్రమం, తగ్గిన ఆయిల్‌తో టూ-స్ట్రోక్‌ని తిప్పడం ఎందుకు? గిన్నె అడుగున మర ఉంటుంది, అది విప్పి వంచేస్తే సరి. తర్వాత ప్లగ్గు రంధ్రాల్లో కొంచెం ఆయిల్ పోసి తాడు నెమ్మదిగా లాగి వదిలేయాలి.

వేకువన ఎవరు చూస్తారు?

ఇదంతా విని నా వయసువాడే ఒకడు అడిగాడు, "తెల్లారుజామున చీకట్లో, అయిదుగురు పడవ పట్టుకుని నిలబడితే ప్లగ్గు విప్పి తడా పొడా అని చూస్తారా అన్నా?" అతనిది సరైన ప్రశ్న. ఒక పూట వేట పోతే అయిదు ఇళ్లకి నష్టం. అతను కొత్త ఫోర్-స్ట్రోక్ కొన్నాడు. పొగ లేదు, ఆయిల్ కలిపే పని లేదు, పెట్రోలు బాగా తక్కువ తాగుతుంది. ఈ మూడింటిలో నేను కాదనగలిగేది ఒక్కటీ లేదు. పాత టూ-స్ట్రోక్ మండని పెట్రోలులో కొంత పొగగొట్టంలోంచి నీళ్లలోకే వదులుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో ఉంటూ దాన్ని చిన్న విషయమని అనలేను. కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, కొలిచి చూసినప్పుడు రెండు సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా వస్తే, విడిభాగాల కోసం విశాఖ, చెన్నై ఫోన్లు చేసి విసిగిపోతే, అమ్మేయమని నేనే చెబుతాను. రోజూ అల దాటి వెళ్లే కుటుంబానికి పాతదాని మీద ప్రేమ కంటే ప్రాణం ముఖ్యం.

కానీ కొత్త ఇంజిన్ కొనగలిగినవాళ్ల సంగతి అది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వ్యక్తిగత లబ్ధిదారులకు సాయం సాధారణ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. మిగతాది సొంతంగా పెట్టాలి, చాలాసార్లు వడ్డీకి తేవాలి. నడిచే ఇంజిన్‌ని తూకానికి ఇచ్చి ఆ అప్పు ఎత్తుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎంతో ఖరీదు చేయని రబ్బరు రింగు చూడకపోవడం వల్ల ఒక ఇల్లు అప్పులో పడకూడదు.

పైగా ఆ కొత్త ఇంజిన్‌కీ ట్యాంకు ఉంది, గొట్టం ఉంది, బల్బు ఉంది, గాలి మర ఉంది. తాగేది అదే బంకు పెట్రోలు. కార్బొరేటర్ ఉన్న ఫోర్-స్ట్రోకుల జెట్టులు పాతవాటికంటే సన్నం, నిలవ పెట్రోలుకి ఇంకా త్వరగా పూడతాయి. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు వేసి ఉండొచ్చు, ట్యాంకులోకి వచ్చే నీటిని ఆ రబ్బరు ఆపదు.

వేకువన కుదరదన్నది నిజమే, కాబట్టి ముందు రోజు సాయంత్రం చూడాలి. నిషేధం ముగిసేది జూన్ 14న. ఆ సాయంత్రమే ట్యాంకు అడుగుది సీసాలోకి వంచి, పొరలుగా విడిపోయిందో లేదో చూసి, విడిపోతే మొత్తం పారబోసి, కొత్త పెట్రోలులో అప్పటికప్పుడు ఆయిల్ కలిపి, డ్రమ్ము నీళ్లలో ఇంజిన్ పెట్టి ఒకసారి లేపి చూడటానికి గంట పట్టదు. నీళ్లు లేకుండా మాత్రం తిప్పొద్దు, లోపల చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాసేపట్లోనే కాలిపోతుంది. ఇంజిన్లు, పడవలు పంచే సభల్లో ఫొటోలకి పట్టే సమయంలో ఈ పని ఒకసారి చేసి చూపించవచ్చు. మా వైపు అయితే తెలుగులో చూపించాలి. గోపాలపూర్ నుంచి సోనాపూర్ దాకా ఒడ్డున ఇంజిన్ పట్టుకునే చేతుల్లో ఎక్కువ తెలుగువాళ్లవే, ఒడియాలో అచ్చేసిన కాగితం ఇస్తే అది పడవలోనే తడిసిపోతోంది.